టైరు రబ్బరు కాంక్రీటు

ఇసుకలోనో కంకరలోనో కొంత పాలు తగ్గించి, ఆ మేరకు పాత టైర్ల రబ్బరు పొడినో ముక్కలనో కలిపి పోసే కాంక్రీటు. టైరులోని ఉక్కు తీగలు, దారపు పోగులు తీసేసి రబ్బరును మరలో నలిపి జల్లిస్తే వచ్చే పొడిని క్రంబ్ రబ్బరు అంటారు.

చరిత్ర: గంధకంతో రబ్బరును గట్టిపరిచే పద్ధతిని చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనుగొన్నాడు. అలా గట్టిపడిన రబ్బరు మళ్లీ కరగదు. అరిగిన టైరును ఏం చేయాలన్న చిక్కుకు మూలం ఇదే. తెలుగు పల్లెలు టైరు చెప్పులతో, పశువుల నీళ్ల తొట్లతో ఈ చిక్కును కొంతవరకు తీర్చుకున్నాయి. 1960లలో అమెరికాలోని ఫీనిక్స్‌లో చార్లెస్ మెక్‌డొనాల్డ్ రబ్బరు పొడిని రోడ్డు తారులో కలిపాడు.

కాంక్రీటు విషయంలో 1993 ముఖ్యమైన ఏడు. నీల్ ఎల్డిన్, అహ్మద్ సెనూసీ కంకర మొత్తానికి బదులు రబ్బరు ముక్కలు వేసి చూడగా, కాంక్రీటు నొక్కుడును తట్టుకునే బలం 85 శాతం దాకా పడిపోయింది. ఇసుకకు బదులు పొడి వేస్తే తగ్గుదల 65 శాతం. అయితే ఆ దిమ్మెలు పెళుసుగా పగలకుండా, సాగి నిదానంగా విరిగాయి. బలం తగ్గే లోపాన్ని దాచకుండా చెప్పడం వారి పరిశోధనకున్న గొప్ప విలువ. 1995లో తుర్కియేలో తోప్చు, 1999లో ఖతీబ్, బయోమీ ఈ పని కొనసాగించారు. మొత్తం కంకర, ఇసుకల పరిమాణంలో రబ్బరు 20 శాతం మించరాదని ఖతీబ్, బయోమీ సూచించారు. రబ్బరు నీటిని అంటనీయదు, సిమెంటును సరిగా పట్టుకోదు. 2000లో బ్రెజిల్‌లో సెగ్రె, జోకెస్ రబ్బరు పొడిని కాస్టిక్ సోడాతో కడిగి ఆ పట్టు పెంచారు. రబ్బరు తేలిక కనుక, తడి కాంక్రీటును ఎక్కువసేపు వైబ్రేటర్‌తో కుదిపితే పైకి తేలుతుంది.

భారత్‌లో జైపూర్ ఎమ్‌ఎన్‌ఐటీకి చెందిన బ్లెసెన్ స్కారియా థామస్, రమేశ్ చంద్ర గుప్తా 2016లో సమగ్ర సమీక్ష వెలువరించారు. రోడ్డు తారులో రబ్బరుకు 2004లోనే ఐఎస్ 15462 ప్రమాణం వచ్చింది. పాత టైర్ల పునర్వినియోగ బాధ్యతను 2022 జూలైలో కేంద్రం ఉత్పత్తిదారులపై పెట్టింది.

వాడుక: పిల్లర్లకు, స్లాబులకు కాక, కాలిబాటల ఇటుకలకు, రోడ్డు అంచు రాళ్లకు, దెబ్బ తగిలే అడ్డుగోడలకు ఇది తగినది. భీమ్‌గల్, ఆర్మూర్ ప్రాంతాల్లో ఉడికించిన పసుపును ఆరబోసే కల్లాలకు మాత్రం దీన్ని వాడకపోవడం మేలు; టైరు రబ్బరులో జింక్ ఆక్సైడ్, కార్బన్ బ్లాక్ ఉంటాయి, అవి తినే పసుపుకు అంటవచ్చు.