టకోమా కుర్రాళ్ల హోరు

అమెరికా వాయవ్య మూలన, వాషింగ్టన్ రాష్ట్రంలో ఉన్న రేవు పట్టణం టకోమా. కలప మిల్లుల ఊరు. పక్కనే సైనిక శిబిరం, వైమానిక స్థావరం. జెట్ విమానాలు ధ్వని వేగాన్ని దాటినప్పుడు ఉరిమే ‘సోనిక్ బూమ్’ అరవైల్లో అక్కడివాళ్లకు అలవాటే. ఆ ఉరుము పేరునే అయిదుగురు కుర్రాళ్లు తమ బృందానికి పెట్టుకున్నారు: ‘ది సోనిక్స్’. బీటిల్స్ ప్రపంచాన్ని ఊపేస్తున్న రోజుల్లో వీళ్ల పేరు ఆ ప్రాంతం దాటి పెద్దగా వినబడలేదు. కానీ తర్వాతి తరాల రాక్ సంగీతం మీద వీళ్ల ముద్ర చాలా లోతైనది.

అరవైల నడుమ అమెరికాలో ఊరూరా ఇలాంటి బృందాలు పుట్టాయి. ఇంటి కారు షెడ్డులో సాధన చేసి, ఒకటి రెండు రికార్డులు వేసి, కనుమరుగైన కుర్రాళ్లు వేలల్లో ఉంటారు. వాళ్ల సంగీతానికే తర్వాత గ్యారేజ్ రాక్ అన్న పేరు స్థిరపడింది.

టకోమాకు మాత్రం బీటిల్స్ రాకముందే ఒక దారి ఉంది. ‘ది వేలర్స్’ అనే స్థానిక బృందం 1959లోనే దేశమంతా విన్న పాట చేసింది. న్యూయార్క్‌కు మకాం మార్చమని రికార్డు కంపెనీ అడిగితే, వాళ్లు సొంతూరే చాలనుకున్నారు. 1961లో ఆ బృందంలోని వాళ్లే ‘ఎటికెట్’ పేరుతో సొంత కంపెనీ పెట్టారు. సోనిక్స్‌కు తలుపు తీసింది ఆ కంపెనీయే.

అప్పటి కచేరీలు సైనిక దళాల డ్రిల్ హాళ్లలో, స్కేటింగ్ హాళ్లలో, స్పానిష్ కాసిల్ లాంటి డాన్సు హాళ్లలో జరిగేవి. వందలమంది గంతులేస్తుంటే చిన్న యాంప్లిఫయర్ల మోత ఏ మూలకు చాలుతుంది? అందుకే అన్నీ ఆఖరి గీతదాకా తిప్పేవారు. ధ్వని చిట్లేది. ఆ చిట్లడమే గిటారిస్టు లారీ పరైపాకు నచ్చింది. ఇంకా గరుకుగా మోగాలని స్పీకర్లకు చిల్లులు కూడా పొడిచాడు. జెర్రీ రోస్లీ గొంతు చించుకుని అరిచినట్టే పాడేవాడు. రాబ్ లిండ్ శాక్సఫోన్, బాబ్ బెన్నెట్ డ్రమ్స్ ఆ అరుపుకు దీటుగా నిలిచేవి.

1964లో వాళ్ల తొలి సింగిల్ ‘ది విచ్’ వచ్చింది. 1965లో ‘హియర్ ఆర్ ది సోనిక్స్’ ఆల్బమ్. రెండే ట్రాకులున్న యంత్రం, డ్రమ్స్ అన్నిటికీ కలిపి ఒకే మైకు. ధ్వని మీటర్ ముల్లు ఎర్రగీత దాటినా ఎవరూ ఆగలేదు. శిక్షణ పొందిన ఇంజినీరు తప్పు అనే ప్రతిదీ ఆ రికార్డుల్లో ఉంది. హాల్లో వినబడిన వేడి కూడా అందులోనే ఉంది.

తర్వాత కంపెనీ మారి, హాలీవుడ్‌లో పేరుమోసిన గోల్డ్ స్టార్ స్టూడియోకు వెళ్లారు. పరికరాలు మెరుగయ్యాయి, ధ్వని శుభ్రపడింది, పస తగ్గింది. ఆ ఆల్బమ్ వాళ్లకే నచ్చలేదు. దశాబ్దం ముగిసేలోపు అసలు సభ్యులు ఒక్కొక్కరే విడిపోయారు. రాబ్ లిండ్ విమానాల పైలట్ అయ్యాడు.

రికార్డులు మాత్రం చేతులు మారుతూ ప్రయాణించాయి. 1972లో లెనీ కే కూర్చిన ‘నగెట్స్’ సంకలనం మరుగునపడిన గ్యారేజ్ బృందాల మీదికి చూపు మళ్లించింది. ఆ తర్వాత అన్వేషకులు సోనిక్స్‌నూ వెతికి పట్టుకున్నారు. 1980లో ‘ది క్రాంప్స్’ వాళ్ల పాటను మళ్లీ పాడింది. అదే రాష్ట్రంలో పుట్టిన నిర్వాణా గాయకుడు కర్ట్ కొబేన్ ఆ ఒంటి మైకు డ్రమ్స్ మోతను మనసారా మెచ్చుకున్నాడు. 2007లో సోనిక్స్ న్యూయార్క్‌లో మళ్లీ వేదికెక్కింది. 2015లో కొత్త ఆల్బమ్ తెచ్చింది, అదీ పాత పద్ధతిలో మోనోలోనే.

సంగీత చరిత్రను అమ్మకాల పట్టికలతో మాత్రమే రాస్తే టకోమా అందులో చోటు దొరకని ఊరు. ఊరి వాద్యకారులే పెట్టిన కంపెనీ, ఆ ప్రాంతపు స్టూడియో, డాన్సు హాళ్లు కలిసి ఈ శబ్దాన్ని పుట్టించాయి. వాటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ హోరు ఆ రాత్రుల్లోనే ఆగిపోయేది. అందుకే ఒక కాలపు సంగీతం తెలియాలంటే దాని చిన్న ఊళ్లకు, చిన్న కంపెనీలకు కూడా చెవి ఒగ్గాలి.