టాన్సిల్స్ ఆపరేషన్ గొంతుకైతే చెవి నొప్పి ఎందుకు..? అసలు కారణం ఇదే.. ఇంట్లో ఇలా చేయండి!

టాన్సిల్స్ ఆపరేషన్ అయింది. రెండు మూడు రోజులు గడిచాయి. ఇక తగ్గిపోతుందిలే అనుకునేలోపే.. అర్ధరాత్రి పిల్లాడు లేచి చెవి పట్టుకుని ఏడుపు అందుకుంటాడు. కోసింది గొంతులో కదా, చెవికేమైంది? ఇంట్లో అందరికీ ఒకటే కంగారు. ఒకరు వెల్లుల్లి నూనె కాస్తామంటారు. ఇంకొకరు మెడికల్ షాపు నుంచి చెవి చుక్కల మందు తెచ్చేస్తారు. నిజానికి చాలా మందిలో ఈ రెండూ అక్కర్లేదు. ఎందుకంటే జబ్బు చెవిలో లేదు. నొప్పి పుట్టేది గొంతులో.. తెలిసేది చెవిలో! ఈ ఒక్క విషయం అర్థమైతే ఏం చేయాలో, ఏం చేయకూడదో తేలిపోతుంది.

గొంతులో గాయం.. చెవిలో పోటు

టాన్సిల్స్ ఉండే చోటి నుంచి మెదడుకు నొప్పి కబురు మోసుకెళ్లేది గ్లాసోఫారింజియల్ అనే నరం. తల నరాల్లో ఇది తొమ్మిదోది. దీని చిన్న కొమ్మ ఒకటి చెవి లోపలికి, అంటే కర్ణభేరి వెనకున్న భాగానికి వెళ్తుంది. గొంతు, చెవి రెండింటి కబురూ ఒకే దారిలో వస్తుండటంతో మెదడు తికమక పడుతుంది. గొంతులోని పుండు నొప్పిని చెవి నొప్పిగా లెక్కేస్తుంది.

డాక్టర్లు దీన్నే 'రిఫర్డ్ పెయిన్' అంటారు. గుండెపోటు వచ్చినప్పుడు ఎడమ చెయ్యి లాగడం, దవడ పన్ను పుచ్చితే చెవి సలపడం కూడా ఇలాంటివే. ఇంకో కారణం కూడా ఉంది. ఆపరేషన్ జరిగేంతసేపూ నోరు బాగా తెరిచి ఉంచుతారు. దాంతో చెవి ముందున్న దవడ కీలు పట్టేసి, ఆ నొప్పి కూడా చెవి నొప్పిలాగే అనిపిస్తుంది.

ఎప్పుడు మొదలవుతుంది? ఎన్నాళ్లుంటుంది?

చాలా మందిలో చెవి నొప్పి ఆపరేషన్ రోజునే రాదు. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య ఎక్కువవుతుంది. ఒక చెవికి రావచ్చు, రెండింటికీ రావచ్చు. మింగినప్పుడు, ఆవలించినప్పుడు పొడిచినట్టు ఉంటుంది. గాయం మీద కట్టిన తెల్లటి పొర ఊడే సమయంలో, అంటే దాదాపు 5 నుంచి 10 రోజుల మధ్య మరోసారి పెరగొచ్చు. గొంతు మానే కొద్దీ చెవి నొప్పి కూడా తగ్గుతుంది. మొత్తం కోలుకోవడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది.

అంటే మొదటి రెండు రోజుల కంటే నాలుగో రోజు నొప్పి ఎక్కువగా ఉంటే ఆపరేషన్ సరిగ్గా చేయలేదని అనుకోనక్కర్లేదు. ఇది మామూలుగా జరిగేదే. పెద్దవాళ్లు ఈ ఆపరేషన్ చేయించుకుంటే పిల్లల కంటే నొప్పి ఎక్కువగా, ఎక్కువ రోజులు ఉంటుంది.

చెవిలో నూనె పోయొద్దు

వేడి నూనె, వెల్లుల్లి రసం, ఉల్లిపాయ రసం.. ఇవేవీ చెవిలో వేయొద్దు. నొప్పి చెవిలో పుట్టడం లేదు కాబట్టి వీటితో ఉపయోగం ఉండదు. పైగా నూనె వేడి ఎక్కువైతే చెవి లోపల కాలుతుంది. కర్ణభేరికి చిల్లు ఉంటే ఇన్ఫెక్షన్ రావచ్చు. దూది పుల్లలతో కెలకడం కూడా మానేయాలి.

అంతగా కావాలంటే గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండిన గుడ్డను చెవి బయట కాసేపు ఆనించండి. హాయిగా ఉంటుంది. మెడ మీద పై నుంచి ఐస్ ప్యాక్‌ను గుడ్డలో చుట్టి పెట్టినా కొందరికి ఉపశమనం దొరుకుతుంది.

అసలు మందు.. గుక్క గుక్కగా నీళ్లు

గొంతు ఎండితే నొప్పి పెరుగుతుంది. నొప్పి అని మింగడం మానేస్తే గొంతు ఇంకా ఎండుతుంది. చెవి పోటు ఇంకా ఎక్కువవుతుంది. ఈ చక్రాన్ని తెంచడమే ఇంట్లో వాళ్ల మొదటి పని.

పెద్ద గ్లాసు చేతికిచ్చి తాగమంటే పిల్లలు తాగరు. మెలకువగా ఉన్నంతసేపూ పావుగంటకోసారి రెండు మూడు గుక్కలు తాగించండి. చల్లటి నీళ్లు, కొబ్బరి నీళ్లు, పలచటి మజ్జిగ, చల్లారిన రాగి జావ.. ఏదైనా సరే. బత్తాయి, కమలా, నిమ్మ రసాలు మాత్రం పుండు మీద మండుతాయి. కొన్నాళ్లు ఆపండి.

తాగింది సరిపోతోందా లేదా అనేది మూత్రం చూస్తే తెలుస్తుంది. లేత రంగులో మామూలుగా వస్తుంటే పర్వాలేదు. ముదురు పసుపు రంగులో, తక్కువగా వస్తుంటే నీళ్లు చాలడం లేదన్నమాట.

నొప్పి ముదిరాక కాదు.. ముందే మందు

చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఇదే. పిల్లాడు ఏడిస్తేనే సిరప్ పోస్తారు. మందు పని చేయడానికి అరగంటకు పైగా పడుతుంది. ఈలోపు తాగడం, తినడం ఆగిపోతాయి. అందుకే మొదటి కొన్ని రోజులు డాక్టర్ చెప్పిన టైం ప్రకారం, గడియారం చూసి ఇవ్వడం మేలని చాలా మంది ఈఎన్‌టీ డాక్టర్లు చెబుతారు. భోజనానికి అరగంట ముందు పారాసెటమాల్ పడితే మింగడం తేలికవుతుంది. రాత్రి డోసుకు నిద్ర లేపాలా వద్దా అన్నది డిశ్చార్జ్ రోజే అడిగి తెలుసుకోండి.

సాధారణంగా వాడేవి పారాసెటమాల్, ఐబుప్రోఫెన్. పిల్లలకు పారాసెటమాల్ డోసు వయసును బట్టి కాదు, బరువును బట్టి లెక్కేస్తారు. ఒకసారికి కిలోకు 15 మిల్లీగ్రాముల వరకు. రెండు డోసుల మధ్య కనీసం నాలుగు నుంచి ఆరు గంటలు గడవాలి. రోజుకు నాలుగు డోసులు దాటొద్దు. ఐబుప్రోఫెన్ ఖాళీ కడుపుతో వద్దు. ఆస్తమా, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, అసలు నీళ్లే తాగని పిల్లలు డాక్టర్‌ను అడగకుండా దాన్ని వాడకూడదు.

సీసా మీద నంబర్ చూశారా?

ఇక్కడే అసలు తిరకాసు. మన షాపుల్లో దొరికే పారాసెటమాల్ సిరప్‌లు అన్నీ ఒకటి కావు. 5 ఎంఎల్‌లో 120 మిల్లీగ్రాములు ఉండేది ఒకటి, 250 ఉండేది ఇంకొకటి. పసిపిల్లల డ్రాప్స్‌లో అయితే 1 ఎంఎల్‌లోనే 100 మిల్లీగ్రాములు ఉంటుంది.

ఉదాహరణకు 20 కిలోల పిల్లాడికి డాక్టర్ 300 మిల్లీగ్రాములు రాశారనుకుందాం. 250 సిరప్ అయితే 6 ఎంఎల్ చాలు. 120 సిరప్ అయితే 12.5 ఎంఎల్ కావాలి. సీసా మారి, కొలత మారకపోతే డోసు సగమైనా అవుతుంది, రెట్టింపైనా అవుతుంది. అందుకే చెంచాతో కాకుండా సీసాతో వచ్చే కొలత మూతతోనే పోయాలి.

ఇంకో జాగ్రత్త. ఐబుప్రోఫెన్, పారాసెటమాల్ రెండూ కలిసిన సిరప్‌లు కూడా ఉన్నాయి. అది పోస్తూ, మళ్లీ విడిగా పారాసెటమాల్ పోస్తే మోతాదు మించిపోతుంది. లివర్ దెబ్బతినే ప్రమాదం ఉంది. ఏ టైంకు ఏ మందు ఇచ్చారో ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించుకుంటే అమ్మ ఒకసారి, నానమ్మ ఒకసారి పోసే పొరపాటు జరగదు.

ఈ మందులు మాత్రం వద్దు

- ఆస్పిరిన్: రక్తస్రావం పెంచుతుంది. పిల్లల్లో రేస్ సిండ్రోమ్ అనే అరుదైన, ప్రమాదకరమైన జబ్బుకు దారి తీయొచ్చు.
- నిమెసులైడ్: 12 ఏళ్ల లోపు పిల్లలకు మన దేశంలో 2011లోనే నిషేధించారు.
- కోడీన్, ట్రమడాల్: ఈ ఆపరేషన్ అయిన పిల్లల్లో ఊపిరి మందగించి ప్రాణం మీదకు రావచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ టాన్సిల్స్ తీశాక పిల్లలకు కోడీన్ ఇవ్వొద్దని 2013లో, ట్రమడాల్ ఇవ్వొద్దని 2017లో స్పష్టంగా చెప్పింది. కోడీన్ కొన్ని దగ్గు సిరప్‌లలో కూడా ఉంటుంది. ఇంట్లో మిగిలిన దగ్గు మందు పోయొద్దు.
- మిగిలిపోయిన యాంటీబయాటిక్స్: చెవి నొప్పి అని సొంతంగా మొదలుపెట్టొద్దు. ఇది ఇన్ఫెక్షన్ కానప్పుడు వాటితో పని లేదు.

పెరుగు, ఐస్‌క్రీం పెట్టొచ్చా?

"జలుబు చేస్తుంది, చల్లవి పెట్టొద్దు" అని పెద్దవాళ్లు అంటుంటారు. ఈ ఆపరేషన్ తర్వాత మాత్రం చల్లటివి గొంతుకు హాయినిస్తాయి. ఐస్‌క్రీం, పుల్ల ఐస్, చల్లటి పెరుగన్నం పెట్టొచ్చు. కారం లేని పప్పన్నం మెత్తగా పిసికి, ఇడ్లీ పాలలో నానబెట్టి, ఉప్మా పలచగా చేసి ఇవ్వొచ్చు. అన్నీ గది వేడికి చల్లారాకే. ఊరగాయ, పులుసు, మిరియాల రసం, జంతికలు, చిప్స్, గట్టిగా కాలిన దోసె అంచులు రెండు వారాలు దూరం పెట్టండి.

నాలుగైదు రోజులు సరిగా తినకపోయినా కంగారు పడొద్దు. తాగడం ఆగకూడదు, అంతే. నమలడం, మాట్లాడటం పూర్తిగా మానేస్తే దవడ ఇంకా పట్టేస్తుంది. కాబట్టి కాస్త కాస్త మాట్లాడించండి. గట్టిగా పుక్కిలించడం మాత్రం వద్దు.

రాత్రిళ్లే ఎందుకు ఎక్కువ?

నిద్రలో మింగడం తగ్గుతుంది. ముక్కు దిబ్బడగా ఉండి నోటితో గాలి పీలిస్తే గొంతు ఎండిపోతుంది. తెల్లవారుజామున లేవగానే చెవి పోటు ఎక్కువగా ఉండేది అందుకే. తల కింద ఇంకో దిండు పెట్టండి. ఏసీ, ఫ్యాన్ గాలి నేరుగా మొహానికి కొట్టకుండా చూడండి. పక్కనే నీళ్లు పెట్టుకుని, మెలకువ వచ్చినప్పుడల్లా రెండు గుక్కలు పట్టండి.

ఇవి చూసి భయపడొద్దు

గొంతులో తెల్లటి పొర కనిపిస్తే అది చీము కాదు. గాయం మానేటప్పుడు కట్టే పొర. నోటి దుర్వాసన, మొదటి రోజుల్లో కొద్దిపాటి వేడి, కొండనాలుక వాపు కూడా మామూలే.

ఇవి కనిపిస్తే మాత్రం ఆగొద్దు

చెవి నొప్పి హడావుడిలో అసలు ప్రమాదాన్ని మర్చిపోకూడదు. అది రక్తస్రావం. కొద్దిమందిలోనే జరుగుతుంది కానీ, మొదటి 24 గంటల్లో, మళ్లీ 5 నుంచి 10 రోజుల మధ్య జాగ్రత్తగా ఉండాలి.

- నోట్లోంచి, ముక్కులోంచి తాజా ఎర్రటి రక్తం రావడం, రక్తపు గడ్డలు, ముదురు రంగు వాంతి
- నిద్రలో పిల్లాడు పదే పదే గుటకలు వేయడం.. రక్తం లోపలికే కారుతుండొచ్చు
- ఊపిరి ఆడకపోవడం
- 102 డిగ్రీలు దాటిన జ్వరం
- 8 గంటలకు పైగా మూత్రం రాకపోవడం, ఏమీ తాగలేకపోవడం

రక్తం కనిపిస్తే కూర్చోబెట్టి, తల కాస్త ముందుకు వంచి ఉమ్మించండి. మింగనివ్వొద్దు. తినడానికి ఏమీ పెట్టొద్దు. 108కు ఫోన్ చేయండి, లేదా వెంటనే ఆస్పత్రికి బయలుదేరండి. దానంతట అదే ఆగిపోయినా సరే, డాక్టర్‌కు చూపించాల్సిందే. అందుకే వేసవి సెలవుల్లో ఆపరేషన్ చేయించినా రెండు వారాల పాటు ఊరి ప్రయాణాలు, పెళ్లిళ్లు పెట్టుకోవద్దు. ఆస్పత్రికి దగ్గరలోనే ఉండాలి. ఆటలు, పరుగులు కూడా అప్పటిదాకా ఆపాలి.

చెవినే చూపించాల్సింది ఎప్పుడు?

చెవి నుంచి చీము, నీరు కారుతున్నా, వినికిడి తగ్గినా, చెవి వెనక వాపు, ఎర్రదనం ఉన్నా అది గొంతు నుంచి వచ్చే నొప్పి కాకపోవచ్చు. గొంతు మానిపోయి రెండు వారాలు దాటినా చెవి నొప్పి తగ్గకపోతే కూడా ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. టార్చ్ లాంటి చిన్న పరికరంతో చెవిలోకి చూసి నిమిషాల్లో తేల్చేస్తారు.

మిగతా అందరికీ చెప్పేది ఒకటే. చెవి ఏడుస్తుంటే గొంతును చూసుకోండి. టైంకు మందు, పావుగంటకోసారి గుక్కెడు నీళ్లు.. ఈ రెండూ ఆగకపోతే గొంతు మానుతుంది, దాంతోపాటే చెవి నొప్పీ సర్దుకుంటుంది.

(గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. మందులు, మోతాదు విషయంలో ఆపరేషన్ చేసిన డాక్టర్ చెప్పిందే పాటించాలి.)