సున్నాకి మా ఇంట్లో పేరు సిఫర్

యూరప్‌లో సాంస్కృతిక పునరుజ్జీవనానికి కారణమేమిటి? స్కూల్లో మేము బట్టీపట్టిన జవాబు ఇది: 1453లో తురుష్కులు కాన్‌స్టాంటినోపుల్‌ని ఆక్రమించారు, గ్రీకు పండితులు గ్రంథాలు పట్టుకుని ఇటలీకి పారిపోయారు, యూరప్ మేల్కొంది. ఇంత పెద్ద కథలో మాకు దక్కిన పాత్ర ఆ ఒక్క వాక్యమే. అదీ తరిమినవాడి పాత్ర. 'తురుష్కులు' అన్న మాట రాగానే క్లాసు క్లాసంతా మా వైపు తిరిగేది.

తేదీలు వేసి చూస్తే ఈ జవాబు నిలవదు. పెట్రార్క్ 1374లోనే చనిపోయాడు. ఫ్లోరెన్స్‌లో క్రిసోలోరస్ గ్రీకు పాఠాలు మొదలుపెట్టింది 1397లో. బ్రూనెల్లెస్కీ కట్టిన కెథెడ్రల్ గుమ్మటం 1420లో మొదలై 1436లో పూర్తయింది. 1453 తర్వాతా పండితులు వచ్చిన మాట నిజమే. కాని వాళ్ళకి పీట వేసే ఊళ్ళు అప్పటికే తయారై ఉన్నాయి.

ఆ ఊళ్ళని తయారుచేసింది వర్తకం. ఫ్లోరెన్స్ 1252లో, వెనిస్ 1284లో బంగారు నాణేలు వేశాయి. ఫ్లోరెన్స్ కెథెడ్రల్ బాధ్యత మోసింది ఉన్ని వర్తకుల సంఘం. బాప్తిస్మ మందిరం కంచు తలుపుల కోసం 1401లో పోటీ పెట్టింది బట్టల వర్తకుల సంఘం. ఆ పోటీలో గిబెర్టీ గెలిచాడు. బ్యాంకు నడిపిన మెడిసీ కుటుంబంలోని కోసిమో డబ్బుతో శాన్ మార్కో మఠంలో 1444లో గ్రంథాలయం తెరుచుకుంది. వడ్డీ సొమ్ము పాపమన్న భయం కూడా ఇలాంటి దానాల వెనుక ఉంది. ఆ భయం ఎలాంటిదో మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మరి ఈ వర్తకం ఎవరితో? వెనిస్ ఓడలు మిరియాలకోసం వెళ్ళింది అలెగ్జాండ్రియాకి. పిసా వర్తకులు దుకాణాలు పెట్టుకుంది ఉత్తర ఆఫ్రికా రేవుల్లో. అలాంటి ఒక రేవు బుగియా. ఈనాటి అల్జీరియాలోని బెజాయా. తండ్రి అక్కడ పిసా వర్తకుల తరఫున పనిచేస్తుంటే, లియొనార్డో అనే కుర్రవాడు అక్కడే భారతీయుల తొమ్మిది అంకెలూ నేర్చుకున్నాడు. 1202లో వాటిమీద పుస్తకం రాశాడు. ఫిబొనాచీ అని లోకం పిలిచేది అతన్నే. 1299లో ఫ్లోరెన్స్ నాణేల మారకందార్ల సంఘం పద్దుల్లో ఆ అంకెలు వాడొద్దని నిషేధించింది. నలభై ఏళ్ళు తిరక్కుండానే, 1338 ప్రాంతంలో, అదే ఊళ్ళో ఆరు లెక్కల బడుల్లో వెయ్యి మందికి పైగా పిల్లలు చదువుతున్నారని విల్లానీ రాశాడు.

మాటలూ సరుకుతోపాటే ఓడెక్కాయి. మన 'శూన్యం' అరబ్బుల దగ్గర 'సిఫ్ర్' అయింది, ఇటలీ చేరి 'జీరో' అయింది. మా ఇళ్ళలో ఇప్పటికీ సున్నాని 'సిఫర్' అంటాం. వెనిస్ గిడ్డంగి 'ఫొందాకో' అరబ్బుల 'ఫుందుక్'. ఇటలీ సుంకం కచేరీ 'దొగానా' మన 'దివాణా'నికి చుట్టం. పునరుజ్జీవన కాలపు ఇటలీలో వైద్య విద్యార్థి చదివింది ఇబ్న్ సీనా గ్రంథం. అరిస్టాటిల్‌ని అర్థం చేసుకోవడానికి ఆసరా ఇబ్న్ రుష్ద్ వ్యాఖ్య. రఫేల్ గీసిన 'ఏథెన్స్ పాఠశాల'లో తలపాగాతో కనిపించేది ఆయనేనంటారు.

ఇదంతా మీసం మెలేయడానికి చెప్పడం లేదు. ఆ ఇబ్న్ రుష్ద్‌ని 1195లో వెలివేసి, ఆయన తత్వశాస్త్ర గ్రంథాలు తగలబెట్టించింది ముస్లిం పాలకుడే. వెనిస్, ఫ్లోరెన్స్‌ల ఐశ్వర్యంలో బానిసల అమ్మకాలున్నాయి. 1378లో తిరగబడిన ఉన్ని కూలీల ఆకలి కూడా ఉంది. సంపద దానంతటది జ్ఞానం కాదు. పరాయివాడి లెక్క, పరాయివాడి పుస్తకం, పరాయివాడి మాట పనికొస్తాయని ఒప్పుకున్న ఊళ్ళోనే అది జ్ఞానమైంది.

మేము అడిగేది పెద్ద కోరికేం కాదు. పాఠంలో 1453 ఉన్నచోట 1202 కూడా ఉండాలి. తరిమినవాడి పక్కన నేర్పినవాడూ కనపడాలి. సున్నా, సిఫర్, జీరో ఒకటేనని తెలిసిన పిల్లలు తోటి పిల్లవాడిని వేరే చూపు చూడరు.