గోల్కొండ – ఇరాన్ రాయబార సంబంధాలు

దక్కను చరిత్ర వ్రాసినవారు గోల్కొండ సుల్తానులకూ మొగలు చక్రవర్తులకూ జరిగిన సంఘర్షణను విపులంగా వర్ణించారు. సముద్రాల కావల ఈ రాజ్యానికి మరొక మిత్రుడుండేవాడన్న సంగతి మాత్రం సామాన్య పాఠకులకు అంతగా తెలియదు. ఇరాన్‌ను ఏలిన సఫవీ షాలతో గోల్కొండ నెరపిన మైత్రి ఒక శతాబ్దానికి పైగా నిలిచింది. ఆ మైత్రి ఏ మేరకు ఫలించిందో, ఎక్కడ విఫలమయిందో పరిశీలించడం అవసరం.

కుతుబ్ షాహీ వంశ స్థాపకుడు సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతీయుడు. బహమనీల కొలువులో చేరి, తెలంగాణ పాలకుడై, 1518 ప్రాంతంలో స్వతంత్రించాడు. 1501లో షా ఇస్మాయీల్ ఇరాన్‌లో సఫవీ రాజ్యాన్ని స్థాపించి షియా మతాన్ని రాజమతంగా ప్రకటించాడు. గోల్కొండ పాలకులు కూడా షియాలే. అందుచేత ఇక్కడి జుమా ఖుత్బాలో పన్నెండుగురు ఇమాముల పేర్లతోపాటు ఇరాన్ షా పేరు కూడా చదివేవారు.

1603లో షా అబ్బాస్ పంపిన రాయబారి అగజ్‌లూ సుల్తాన్ కానుకలతో హైదరాబాదు చేరి, ఇక్కడ దాదాపు ఆరేండ్లున్నాడు. ముహమ్మద్ కులీ కుతుబ్ షా ఏకైక కుమార్తె హయాత్ బఖ్షీ బేగంను సఫవీ రాకుమారునికివ్వమని షా కోరినట్లు చరిత్రకారులు వ్రాశారు. సుల్తానుకు మగసంతానం లేదు. ఆ వివాహం జరిగితే గోల్కొండ వారసత్వమే ఇరాన్ చేతిలో పడేది. ఆయన షా మైత్రిని వదులుకోలేదు. కుమార్తెను మాత్రం సోదరుని కుమారుడు ముహమ్మద్‌కిచ్చి వివాహం చేశాడు. స్నేహానికి ఎక్కడ గీత గీయాలో ఆయనకు తెలుసు.

ఆ అల్లుడే 1612లో సింహాసనమెక్కాడు. షా అబ్బాస్ సంతాపమూ అభినందనలూ తెలుపుతూ హుసేన్ బేగ్‌ను పంపగా, గోల్కొండ పక్షాన ఇబ్నె ఖాతూన్ అనే పండితుడు ఇరాన్ వెళ్ళి అక్కడ కొన్నేండ్లు గడిపాడు. తరువాత అబ్దుల్లా కుతుబ్ షా కాలంలో ఈయనే పీష్వా అయ్యాడు. అస్తరాబాదు నుండి వచ్చిన మీర్ మోమిన్ 1625లో మరణించేవరకూ గోల్కొండ రాచకార్యాలలో ప్రముఖుడు.

ఈ మైత్రికి వర్తకం కూడా బలమైన ఆధారమే. మచిలీపట్నం ఓడలు అద్దకపు వస్త్రాలతో బందర్ అబ్బాస్ చేరేవి. ‘కలంకారీ’ అన్న మాటే పారసీకం. నేటి నిజామాబాదు ప్రాంతపు ఉక్కు ఇరాన్ కత్తులకు పేరు తెచ్చింది.

అసలు పరీక్ష 1636లో వచ్చింది. దక్కనుకు దండెత్తి వచ్చిన షాజహాన్, ఖుత్బాలో షా పేరు తొలగించి తన పేరు చదవాలనీ, ఇమాముల పేర్లకు బదులు నలుగురు ఖలీఫాల పేర్లు చేర్చాలనీ, నాణేలపై తన పేరు వేయాలనీ, ఏటా 2 లక్షల హొన్నులు చెల్లించాలనీ శాసించాడు. అబ్దుల్లా తలవంచక తప్పలేదు.

మరి ఇరాన్ ఎందుకు ఆదుకోలేదు? అప్పటి షా సఫీ ఉస్మానీ తుర్కులతో యుద్ధంలో మునిగి ఉన్నాడు. భూమార్గాన మొగలు సామ్రాజ్యం అడ్డు. సముద్రంపై ఇరాన్‌కు తగిన నౌకాబలం లేదు. 1622లో హుర్ముజ్‌ను పోర్చుగీసుల నుండి గెలవడానికే ఆంగ్లేయుల ఓడలు కావలసి వచ్చాయి. 1656లో ఔరంగజేబు హైదరాబాదుపై పడినప్పుడుగానీ, 1687లో గోల్కొండ కూలినప్పుడుగానీ ఇరాన్ సేన రాలేదు. సఫవీల రాజధాని ఇస్ఫహాన్ సైతం 1722లో ఆఫ్ఘనుల పాలయింది.

దీనినిబట్టి ఈ మైత్రి వ్యర్థమనడం తొందరపాటు. పక్కనున్న బలవంతుని ముందు చిన్న రాజ్యానికి అది గౌరవాన్నిచ్చింది. పండితులనూ పాలకులనూ ఇచ్చింది. కానీ కవచం కాలేకపోయింది. మనసులు కలిసినంత మాత్రాన సైన్యాలు కలవవు.

చందానగర్‌కు గోల్కొండ కోట కొద్ది మైళ్ళ దూరమే. ఆ కోట గోడలను చూసేవారు మరొక్క విషయం గుర్తుంచుకోవాలి. రెండు రాజవంశాలూ అంతరించిన ఎంతో కాలానికి, 19వ శతాబ్దం తొలి దశాబ్దాలలో కూడా ఇస్ఫహాన్ వర్తకుడు నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రం వచ్చి కమ్మరుల వద్ద ఉక్కు కొనేవాడు. ఖుత్బాలో షా పేరు ఆగి అప్పటికి రెండు శతాబ్దాలు కావస్తున్నా, ఆ దారి మాత్రం మూతపడలేదు.