ముందు వాళ్లకే చూపించాలి

1967లో కెనడా టీవీలో ఒక డాక్యుమెంటరీ ప్రసారమైంది. మాంట్రియల్ నగరంలో ఒక పేద కుటుంబం. తండ్రికి పని దొరకదు. ఇంట్లో తొమ్మిదిమంది పిల్లలు, షూటింగ్ సాగుతుండగానే పదో కాన్పు. ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ ఫిల్మ్ బోర్డు కోసం టాన్యా బాలంటైన్ అనే యువ దర్శకురాలు మూడు వారాలు ఆ కుటుంబాన్ని అంటిపెట్టుకుని ఉండి తీసిన చిత్రం అది. పేరు ‘ద థింగ్స్ ఐ కెనాట్ ఛేంజ్’. పేదరికం ఎలా ఉంటుందో కలిగినవాళ్ల కళ్లకు కట్టాలని తీశారు. అనుకున్నట్టే చూసినవాళ్ల మనసు కదిలింది.

ప్రసారానికి ముందు ఆ ఇంటివాళ్లకు మాత్రం ఎవరూ సినిమా చూపించలేదు. తమ ఇంట్లోని లేమి, తండ్రి వీధిలో పడ్డ గొడవ దేశమంతటితో పాటే వాళ్లూ తెరమీద చూశారు. ఇరుగుపొరుగు ఎగతాళి మొదలుపెట్టారు. ఆ మాటలు పడలేక చివరికి ఆ కుటుంబం పేట వదిలి వెళ్లిపోయింది.

మేలు చేయాలని తీసిన సినిమా వాళ్లకే కీడు చేసింది. ఈ సంగతి బోర్డులో పనిచేసేవాళ్లను చాలాకాలం వెంటాడింది. తీసినవాళ్ల మనసులో దురుద్దేశం లేదు, పనితనంలో లోటు లేదు. మరి పొరపాటు ఎక్కడ జరిగినట్టు? దానికి జవాబు అదే ఏడాది, అక్కడికి చాలా దూరాన, చేపలవేట మీద బతికే ఒక దీవిలో దొరికింది.

కెనడా తూర్పు కొసన న్యూఫౌండ్లాండ్. 1949 వరకు అది కెనడాలో భాగమే కాదు. దాని ఉత్తర తీరాన సముద్రంలో ఫోగో దీవి ఉంది. పది పల్లెలు, దాదాపు 5,000 జనం. తరతరాలుగా చిన్న పడవల మీద ఒడ్డుకు దగ్గర్లో కాడ్ చేపలు పట్టేవాళ్లు. 1960ల నాటికి పెద్ద ఓడలు వచ్చి నడిసముద్రంలోనే చేపను ఊడ్చేస్తుంటే, వీళ్ల వలల్లో పడేది తగ్గిపోయింది. సగానికి పైగా జనం ప్రభుత్వ సాయం మీద ఆధారపడే స్థితికి వచ్చారు. ప్రభుత్వం దగ్గరేమో మారుమూల పల్లెలను ఖాళీ చేయించి జనాన్ని పెద్ద ఊళ్లకు తరలించే పథకం ఉంది. న్యూఫౌండ్లాండ్ తీరంలో ఎన్నో ఊళ్లు అప్పటికే అలా పాడుబడ్డాయి. ఇక ఫోగో వంతు వస్తుందన్న భయం దీవి అంతటా ఉంది. అయినా పది పల్లెలూ ఒక్క మాట మీదికి రాలేకపోయాయి. చర్చిలు వేరు, బడులు వేరు. ఒక పల్లె గోడు పక్క పల్లెకు పట్టేది కాదు.

న్యూఫౌండ్లాండ్‌లోని మెమోరియల్ విశ్వవిద్యాలయంలో విస్తరణ విభాగాన్ని నడిపే డోనాల్డ్ స్నోడెన్‌కు ఇదంతా తెలుసు. దేశ ఆర్థిక మండలి పేదరికాన్ని డాలర్లలో లెక్కగట్టడం ఆయనకు నచ్చలేదు. కబురు అందకపోవడం, చెప్పినా వినేవాడు లేకపోవడం, నలుగురికీ దూరంగా మిగిలిపోవడం కూడా పేదరికమేనని ఆయన వాదన. ఫిల్మ్ బోర్డు నుంచి కొలిన్ లో అనే దర్శకుడు కొత్తగా ఏదైనా చేయాలని వస్తే, ఫోగోకు వెళ్లమని సలహా ఇచ్చింది ఆయనే.

కొలిన్ అప్పటికే చేయి తిరిగినవాడు. రోమన్ క్రోయిటర్‌తో కలిసి 1960లో ఆయన తీసిన ‘యూనివర్స్’ అనే అంతరిక్ష చిత్రం స్టాన్లీ కుబ్రిక్‌ను ఆకట్టుకుంది. అంతటివాడు ఫోగోకు స్క్రిప్టు లేకుండా వెళ్లాడు. ఆ ప్రాంతంవాడే అయిన ఫ్రెడ్ ఎర్ల్ విశ్వవిద్యాలయం తరఫున అక్కడ పనిచేస్తుండేవాడు. ఆయన పక్కన నిలబడకపోతే చాలా ఇళ్ల తలుపులు తెరుచుకునేవి కావని నా నమ్మకం. కెమెరా ముందుకు వచ్చిన వాళ్లందరికీ కొలిన్ ఒక మాట ఇచ్చాడు. తీసింది ముందు మీకే చూపిస్తాం, వద్దన్న ముక్క తీసేస్తాం, మీరు సరేనంటేనే దీవి దాటిస్తాం అని.

చదవడానికి చిన్న మాటే. సినిమా తీసేవాడికి మాత్రం అది ప్రాణసంకటం. తీసినదాన్ని తనకు తోచినట్టు కత్తిరించి కూర్చే హక్కు ఏ దర్శకుడూ అంత తేలిగ్గా వదులుకోడు. ఆ మాటకు కట్టుబడటం వల్ల ఎడిటింగ్ పద్ధతే మారిపోయింది. మామూలుగా అయితే ఒక సమస్యను తీసుకుని, ఒకరి మాట పక్కన దానికి ఎదురుమాట పెట్టి వాదన రక్తి కట్టిస్తారు. అలా చేస్తే ఎవరో ఒకరు తెరమీద తెలివితక్కువవాడిలా తేలతారు. నగరంలో ప్రేక్షకుడికి దానివల్ల పోయేదేమీ లేదు. మర్నాడు ఉదయం అదే రేవులో, అదే మనుషుల మధ్య పడవ దించాల్సినవాడికి పరువు పోతుంది. అందుకని కొలిన్ ఒక్కో మనిషికి, ఒక్కో సందర్భానికి ఒక్కో చిన్న సినిమా కట్టాడు. మొత్తం 27 చిత్రాలు, దాదాపు ఆరు గంటల నిడివి. వేట గిట్టుబాటు కాక టొరంటో బయల్దేరుతున్న బిల్లీ క్రేన్ ఒక చిత్రంలో ఎందుకు వెళ్తున్నాడో సూటిగా చెబుతాడు. ఇంకో దాంట్లో అసలు వ్యాఖ్యానమే లేదు, దీవి పిల్లలు ఆడుకుంటూ కనిపిస్తారంతే.

అసలు ఫలితం కనిపించింది సినిమాలు వేసినప్పుడు. పల్లె పల్లెకూ ప్రొజెక్టర్ మోసుకెళ్లి 35 సార్లు వేశారు. అన్నీ కలిపి దాదాపు 3,000 మంది చూశారు. ఎదురుపడితే నోరు విప్పని మనుషులు తెరమీద ఒకరి మాట ఒకరు చివరిదాకా విన్నారు. అడ్డు తగలడానికి వీల్లేదు, ముఖం తిప్పుకోవాల్సిన పనీ లేదు. తమ రేవులో ఉన్న ఇబ్బందే అవతలి రేవులోనూ ఉందని అప్పుడు తెలిసింది. సినిమా అయ్యాక దీపాలు వేసి జనాన్ని మాట్లాడనిచ్చేవాళ్లు. ఈ మాటల కోసమే సినిమా అన్న సంగతి తీసినవాళ్లకు కూడా మెల్లగా బోధపడింది.

తర్వాత దీవివాళ్ల అనుమతితో ఆ రీళ్లు రాష్ట్ర ప్రభుత్వం ముందుకు వెళ్లాయి. ప్రీమియర్ జోయీ స్మాల్‌వుడ్ (అక్కడ రాష్ట్ర ప్రభుత్వాధినేతను అలాగే పిలుస్తారు), మంత్రివర్గం చూశారు. మత్స్యశాఖ మంత్రి ఏడన్ మలోనీ తన జవాబును కెమెరా ముందే చెప్పాడు. ఆ రీలును ఫోగోలో వేశారు. మంత్రి దగ్గరికి వెళ్లే తాహతు లేనివాళ్ల మాటకు మంత్రి అదే తెరమీద బదులు చెప్పాడు!

సినిమాల వల్లే దీవి నిలిచిందంటే అక్కడివాళ్ల కష్టాన్ని తక్కువ చేసినట్టే. అంతకుముందే వాళ్లకొక అభివృద్ధి కమిటీ ఉంది. ఆ రోజుల్లోనే మత్స్యకారులు సహకార సంఘం పెట్టుకున్నారు, దూరం వెళ్లగల పెద్ద పడవలు కట్టుకున్నారు. విడివిడిగా ఉన్న ఆ ప్రయత్నాలను సినిమాలు ఒకరికొకరికి చూపించాయి. ఫోగోను ఖాళీ చేయలేదు. సహకార సంఘం నేటికీ నడుస్తోంది.

ఇంతా చేసి కెమెరా బయటివాళ్ల చేతిలోనే ఉంది. ఆ మెట్టు దాటడానికి ఒక యంత్రం కలిసొచ్చింది. భుజాన వేసుకుని తిరగగల సోనీ పోర్టాపాక్ వీడియో పరికరం అప్పుడే మార్కెట్లోకి వచ్చింది. తీసింది అక్కడికక్కడే చూడొచ్చు, ల్యాబుకు పంపే పని లేదు. బోర్డులో పనిచేసే బోనీ షెర్ క్లైన్, డొరొతీ హెనో దాన్ని మాంట్రియల్‌లోని సెయింట్ జాక్ పేటలో పౌరుల కమిటీ చేతికిచ్చారు. ఆ పేటవాళ్లే వీధుల్లో జనాన్ని పలకరించి తీసి, సభల్లో చూపించారు. తర్వాత మూడు దశాబ్దాలకు మన జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళా రైతులు, చదువు రానివాళ్లు సైతం, వీడియో కెమెరా పట్టి వరంగల్ పత్తి రైతుల గోడు చిత్రించారు. అది వేరే కథ, దానికదిగా చెప్పుకోదగ్గది.

కెనడా కథలో ఇంకొక ఘట్టం మిగిలింది. 1968 డిసెంబరు 18న అక్వెసాస్నేలోని మొహాక్ ఆదివాసులు కెనడా, అమెరికాల మధ్య వంతెన దారిని అడ్డగించారు. సొంత వస్తువులు తెచ్చుకుంటే సుంకం కట్టమనడం 1794 నాటి జే ఒప్పందానికి విరుద్ధమని వాళ్ల వాదన. ఫిల్మ్ బోర్డు అప్పటికే ఆదివాసీ యువకులతో ఒక చిత్ర బృందాన్ని తయారుచేస్తోంది. అందులోని మైక్ మిచెల్ ఊరు అదే. ఏం జరగబోతోందో ముందే చెప్పి యూనిట్‌ను రప్పించాడు, అరెస్టులు జరుగుతున్నా షూటింగ్ ఆగలేదు. తీసిన ముడి రీళ్లను ఊళ్లో జనానికీ పోలీసులకూ చూపించారు. ‘యు ఆర్ ఆన్ ఇండియన్ ల్యాండ్’ పేరుతో 1969లో వచ్చిన ఆ చిత్రానికి దర్శకుడిగా వేసింది మాత్రం బోర్డు మనిషి పేరు. మిచెల్ తర్వాత అక్వెసాస్నేకు గ్రాండ్ చీఫ్ అయ్యాడు. 2017లో బోర్డు దిద్దుబాటు చేసి, ఆ సినిమాకు దర్శకుడిగా మైకేల్ కనెంటకెరోన్ మిచెల్ పేరు వేసింది.