అక్క చదువు, తమ్ముడి గ్రంథాలయం

మా పెనుగంచిప్రోలు అనగానే ఎవరికైనా తిరుపతమ్మ తల్లి గుర్తుకొస్తుంది. తిరునాళ్ళ రోజుల్లో మునేటి ఒడ్డున ఇసుక వేస్తే రాలనంత జనం. వచ్చినవాళ్ళు అమ్మవారిని చూసుకుని, పొంగళ్ళు పెట్టుకుని వెళ్ళిపోతారు. ఇదే ఊళ్ళో 1877 మే 18న కొమర్రాజు లక్ష్మణరావు పుట్టారని వాళ్ళలో ఎంతమందికి తెలుసు? తెలిసినవాళ్ళు కూడా ఆయన ఒక్కడి పేరే చెబుతారు. ఆయనకంటే మూడేళ్ళు పెద్దదైన అక్క అచ్చమాంబను కలపకుండా ఆయన కథ చెప్పడం సగం కథ చెప్పడమేనని నా గట్టి నమ్మకం.

తండ్రి వెంకటప్పయ్య పోయేనాటికి లక్ష్మణరావు పసివాడు. తల్లి గంగమ్మ. అచ్చమాంబకు ఆరేళ్ళకే బండారు మాధవరావుతో పెళ్ళయింది. ఆయన ఉద్యోగం నాగపూరు వైపు. కొంతకాలానికి తమ్ముడు అక్కగారింటికి చేరి, అక్కడే పెద్ద చదువులు చదివాడు. అక్క మాత్రం బడి ముఖం చూడలేదు. ఆ ఇంట్లో ఆడవాళ్ళ చదువుకు మొదట్లో పెద్దగా ప్రోత్సాహమూ లేదు. తమ్ముడు చదువుకుంటుంటే పక్కన కూర్చుని, అతని సాయంతోనే తెలుగు, హిందీ నేర్చుకుంది. అక్కణ్ణుంచి మరాఠీ, ఇంకొన్ని భాషలూ పట్టుబడ్డాయి. కూడూ గుడ్డా చూసి పెంచిన అక్కకు తమ్ముడు అక్షరాలతో రుణం తీర్చుకున్నాడు.

అలా ఇంట్లో నేర్చిన చదువుతోనే ఆమె ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసింది. ఆడవాళ్ళు సహజంగానే అబలలు, చదివిస్తే చెడిపోతారు అనే మాటలకు జవాబుగా, పేరు తెచ్చుకున్న స్త్రీల చరిత్రలు ఒక్కొక్కటే సేకరించింది. మొదటి భాగం 1901లో పుస్తకంగా వచ్చింది. మరుసటేడు ‘ధనత్రయోదశి’ అనే కథ. పేదరికంలో యజమాని సొమ్ముకు ఆశపడిన భర్తను ఇల్లాలు దారికి తెచ్చే కథ అది. తొలి తెలుగు కథగా చెప్పుకునే ‘దిద్దుబాటు’ కంటే ఎనిమిదేళ్ళు ముందుది. అదే 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బందరులో బృందావన స్త్రీ సమాజం స్థాపించింది. తన కొడుకూ కూతురూ చిన్నతనంలోనే చనిపోతే, అనాథ పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని చదివించింది.

ఇక తమ్ముడు. మా ఊరి నుంచి హైదరాబాదు వెళ్ళే పెద్ద రోడ్డు ఎక్కితే కోదాడ దాటాక మునగాల వస్తుంది. ఆనాడు అది చుట్టూ నిజాం రాజ్యం ఉన్న కృష్ణా జిల్లా జమీందారీ. అక్కడి రాజా నాయని వెంకట రంగారావు దగ్గర లక్ష్మణరావు దివానుగా చేరారు. జమీందారీ లెక్కలు చూసుకుంటూ హాయిగా బతికేయవచ్చు. ఆయన మనసు ఆ పనిలో ఆగలేదు. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం మొదలైంది. దాన్ని నిలబెట్టినవాళ్ళలో మునగాల రాజా, ఆయన దివాను లక్ష్మణరావు ముందువరసలో ఉన్నారు. కచేరీలోనూ బడిలోనూ ఉర్దూదే రాజ్యమైన రోజుల్లో, తెలుగు పుస్తకం చదువుకోవడానికి ఒక చోటంటూ ఏర్పడింది. ఆ గ్రంథాలయం సుల్తాన్ బజారులో ఈనాటికీ ఉంది.

అక్క పుస్తకం, తమ్ముడి గ్రంథాలయం ఒకే ఏడు రావడం నాకు ఉట్టి కాకతాళీయంగా అనిపించదు.

చోటు దొరికింది సరే, అందులో పెట్టడానికి పుస్తకాలేవి? కావ్యాలు, పురాణాలు ఉన్నాయి. చరిత్ర, శాస్త్రాలు తెలుసుకోవాలంటే ఇంగ్లీషు రావాలి. అందుకని 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్రతో మొదలై, చిలుకూరి వీరభద్రరావు ‘ఆంధ్రుల చరిత్రము’, భౌతిక రసాయన శాస్త్రాలు, జీవశాస్త్రం వరుసగా తెలుగులో వచ్చాయి. ‘హిందూ మహాయుగము’ లక్ష్మణరావే రాశారు. కాలేజీ గడప తొక్కకుండా, ఇంగ్లీషు రాకుండా, ఇంట్లో కూర్చుని లోకజ్ఞానం కోరుకునే మనిషి కోసం వేసిన పుస్తకాలివి. అలాంటి మనిషిని ఆయన మొదట చూసింది అక్కలోనే.

అక్క ఆ పుస్తకాలేవీ చూడలేదు. 1905 జనవరిలో, ప్లేగు రోగులకు సేవ చేస్తూ, ముప్ఫయి ఒక్క ఏళ్ళయినా నిండకుండానే పోయింది. మరుసటేడు లక్ష్మణరావుకు కూతురు పుట్టింది. ఆ పిల్లకు అక్క పేరే పెట్టుకున్నారు.

తర్వాత మద్రాసులో ఆయన విజ్ఞాన సర్వస్వం తలకెత్తుకున్నారు. ఒక సంస్థ చేయాల్సిన పని అది. మల్లంపల్లి సోమశేఖర శర్మ వంటి పండితులు తోడు నిలిచినా, చాలా వ్యాసాలు ఆయనే రాసుకున్నారు. మొదటి అక్షరాల దగ్గరే పని ఆగిపోయింది. 1923 జూలైలో ఆయన కన్నుమూశారు. వయసు 46. తర్వాతి రోజుల్లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఆ పని మళ్ళీ చేపట్టారు.

అత్త పేరు పెట్టుకున్న కూతురు డాక్టరు కొమర్రాజు అచ్చమాంబ అయింది. వైద్యం చేస్తూనే రాజకీయాల్లోకి వచ్చి, 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికైంది. తమ్ముడి పక్కన కూర్చుని అఆలు దిద్దిన అక్క నుంచి పార్లమెంటుకు వెళ్ళిన మేనకోడలి దాకా, ఒక్క ఇంటి చదువు ఎంత దూరం వెళ్ళిందో మా ఊరి పిల్లలకు చెప్పాలి. మే 18న చెబుదామంటే బడులకు వేసవి సెలవులు. భాషా నిలయం మొదలైన సెప్టెంబరు 1 అందుకు సరైన రోజు. ఆ రోజు మన బడిలో ఇద్దరి పటాలూ పక్కపక్కనే పెట్టి, ‘ధనత్రయోదశి’ ఒక ఆడపిల్ల చేత పైకి చదివించమని ఊరి పెద్దలను అడుగుతున్నాను.