హైస్కూలు విద్యార్థులపై దీర్ఘకాలిక అధ్యయనాలు

ఒకే విద్యార్థి బృందాన్ని ఏళ్ల తరబడి వెన్నంటి, ఎంతవరకు చదివారు, ఎప్పుడు మానేశారు, ఏ పనిలో కుదురుకున్నారు అని కొన్నేళ్లకోసారి అడిగి నమోదు చేసే పరిశోధనలివి. బడుల హాజరుపట్టీలు కూడితే ఈ ఏడు పదో తరగతిలో ఎందరున్నారో తెలుస్తుంది. నిరుడు తొమ్మిదిలో ఉన్న పిల్ల ఇప్పుడెందుకు లేదో తెలియాలంటే ఆ పిల్లనే వెతుక్కుంటూ వెళ్లాలి. ఇవి విస్తారంగా జరిగిన అమెరికాలో వీటి ముఖ్యమైన మలుపులు లెక్కకు అందకుండా పోయిన పిల్లల చుట్టూ తిరిగినవే.

విస్కాన్సిన్ రాష్ట్రంలో 1957లో హైస్కూలు ముగించిన 10,317 మందితో మొదలైన అధ్యయనం వారిని వృద్ధాప్యం దాకా అనుసరించింది. అయితే చదువు పూర్తిచేసినవారే అందులో ఉన్నారు. 1960లో జాన్ ఫ్లానగన్ నాయకత్వాన ‘ప్రాజెక్ట్ టాలెంట్’ 4 లక్షలకు పైగా విద్యార్థులను పరీక్షించింది. తర్వాత పోస్టులో పంపిన ప్రశ్నావళులకు చాలామంది జవాబివ్వలేదు. జవాబివ్వనివారి జీవితాలు ఇచ్చినవారిలాగే ఉంటాయని అనుకోవడానికి ఆధారం లేదు కాబట్టి, వారిలో కొందరిని ప్రత్యేకంగా ఎంచి వెతికి పట్టుకున్నారు. ఈ రంగం నేర్చుకున్న అతి విలువైన పాఠం ఇదేనని చెప్పాలి. 1972లో ప్రభుత్వం చేపట్టిన జాతీయ అధ్యయనం పన్నెండో తరగతితో మొదలైంది. అప్పటికే బడి వదిలినవారు అందులోకి రానేలేదు. అందుకే 1980 నాటి ‘హైస్కూల్ అండ్ బియాండ్’ పదో తరగతివారిని కూడా చేర్చుకుంది. 1988లో ఎనిమిదో తరగతికే వెళ్లి సుమారు 25,000 మందిని ఎంచుకుని, మానేసినవారిని సైతం వదలకుండా 2000 దాకా అనుసరించారు. 2002లో మళ్లీ పదో తరగతి నుంచి, 2009లో తొమ్మిది నుంచి మొదలుపెట్టారు.

ఫలితాలు వచ్చేసరికి బడులే మారిపోతాయి, ఇంత ఖర్చెందుకు అన్నది ఒక ఆక్షేపణ. పాఠ్యపుస్తకం మంచిచెడ్డలు తేల్చడానికి ఈ పద్ధతి నిజంగానే పనికిరాదు. కానీ పదిహేనేళ్ల వయసులో చదువు ఆపడం ముప్పై ఏళ్లు వచ్చేసరికి జీవితాన్ని ఎటు తిప్పిందో తెలియడానికి పదిహేనేళ్లు ఆగక తప్పదు. కారణమేదో ఇవి తేల్చలేవన్నది ఇంకా బరువైన ఆక్షేపణ. కాథలిక్ బడుల పిల్లలు మెరుగ్గా నేర్చుకుంటున్నారని 1981లో జేమ్స్ కోల్‌మన్ ‘హైస్కూల్ అండ్ బియాండ్’ సమాచారంతోనే వాదించినప్పుడు, అక్కడ చేరే పిల్లల కుటుంబాలే వేరని విమర్శకులు ఎత్తిచూపారు. 1982లో ఆ పిల్లలకే మళ్లీ పరీక్ష పెట్టినా వివాదం తీరలేదు. అయినా మార్కుల పోలికకు బదులు రెండేళ్లలో ఎవరెంత ఎదిగారన్న ప్రశ్నను పట్టుకోగలిగారు. ఒక్కసారి తీసిన లెక్కతో అదీ సాధ్యం కాదు.

తెలుగు నేలపై ఇలాంటి ప్రయత్నం ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపే ‘యంగ్ లైవ్స్’. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,000 మంది పిల్లలతో మొదలైంది. వారిలో 1,000 మంది 1994–95లో పుట్టినవారు. బడిలో పేరున్నవారిని కాక ఆ వయసు పిల్లలను ఎంచుకోవడంతో బడి మెట్లెక్కనివారు కూడా మొదటి నుంచే లెక్కలో ఉన్నారు. రాష్ట్రం విడిపోయాక కూడా రెండు రాష్ట్రాల్లోనూ ఈ అధ్యయనం సాగింది.